కింది గొట్టం చల్లగా ఉంది

జూన్ 3
ఇంటి నుంచి

అన్నయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు "ఊ" అంటున్నావు, నేను "ఆ" అంటున్నాను. మధ్యలో ఎవరో నర్సు ఫోన్ అందుకుని "ఆయన బాగానే ఉన్నారమ్మా" అని పెట్టేస్తోంది. మాట నోట్లో ముద్దకట్టుకుపోతోందని, అవతలివాళ్లు "ఏంటి, ఏంటి" అంటే నీకు చిరాకని ఆవిడే చెప్పింది. ఎడమచేత్తో రాయడం నేర్పిస్తున్నారట కదా. అయితే ఇక ఉత్తరాలే రాసుకుందాం. బస్సులు రెండు మారి అక్కడికి చేరేసరికి చూడనిచ్చే వేళ దాటిపోతోంది. పోయినసారి గేటు దగ్గర నుంచే వెనక్కి వచ్చాను.

ఇక్కడ అంతా మామూలే. పొద్దున్నే కళ్లజోళ్ల దుకాణానికి వెళ్తున్నాను, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాను, వస్తున్నాను. నిన్న పొయ్యి మీద పాలు పెట్టి ఎదురుగానే నిలబడ్డాను. పాలు పొంగాయి, మంట ఆరింది, గ్యాసు వాసన వచ్చింది. చూడక కాదు. చూస్తూనే ఉన్నాను. చెయ్యి కదల్లేదు, అంతే. నీ చెయ్యి కదలకపోవడానికి డాక్టరు పక్షవాతమని ఒక కారణం చెప్పాడు. నా చేతికి ఏ కారణమూ లేదు.

అసలు సంగతి. నీ షెడ్డు తాళం తీశాను. నువ్వు పడిపోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. పానాలు నేలమీదే ఉన్నాయి. సగం తాగిన టీ గ్లాసులో బూజు పట్టింది. నీ బండి మీది దుప్పటి తీసి, తాళంచెవి తిప్పి, స్టార్టర్ బటన్ నొక్కాను. "టక్" అంది. మళ్లీ నొక్కితే మళ్లీ "టక్". ముందు దీపం మిణుకుమని ఆరిపోయింది. దీనికి కిక్కు కూడా లేదాయె. ఏం చెయ్యాలి?

చెల్లి


జూన్ 10
పునరావాస కేంద్రం, పై అంతస్తు

చిన్నీ,

ఇది ఎడమచెయ్యి. కోడి కెలికినట్టు ఉంటుంది, సర్దుకో. "ళ" అస్సలు రావట్లేదు. ఎక్కడ "ళ" కనపడకపోయినా నువ్వే పెట్టుకుని చదువు.

ఇక్కడ పొద్దున లేపుతారు, తినిపిస్తారు, నడిపిస్తారు, పడుకోబెడతారు. వ్యాయామం చేయించే అమ్మాయిని మేమంతా హెడ్మాస్టరు అంటాం. రోజూ "ఎలా ఉంది మేస్త్రీ?" అంటుంది. ఎలా ఉండటానికి ఏముంది?

ఆస్పత్రిలో నీకు పలక మీద రాసి చూపించాను, గుర్తుందిగా. నా మాట అదే. మార్పు లేదు. అయితే ముందు బండి స్టార్టవ్వాలి. స్టార్టవ్వని బండి బండే కాదు.

ఒక్క "టక్" అని దీపం ఆరిందంటే స్టార్టరు పాపం ఏమీ లేదు. బ్యాటరీ చచ్చింది, లేదా దాని కొనలు తుప్పుపట్టాయి. సీటు ఎత్తు. నల్లతీగ ముందు విప్పు, ఎర్రది తర్వాత. బిగించేటప్పుడు ఎర్రది ముందు. తిరగేస్తే నిప్పురవ్వలు వస్తాయి. కొనలకి తెల్లగానో పచ్చగానో బూడిద ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, ఆరబెట్టు. లోపల పలకలు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. కుళాయి నీళ్లు పొయ్యొద్దు. తర్వాత బ్యాటరీల షాపులో ఛార్జింగుకి ఇవ్వు. తొందరగా అక్కర్లేదు, నిదానంగా పెట్టమను.

చెయ్యి నొప్పెట్టింది. ఎడమది. కుడిది ఎప్పుడూ నొప్పెట్టదు.

అన్నయ్య


జూన్ 18

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "ళ"లన్నీ పెట్టుకున్నాను. ఆ పలక మీద నువ్వు రాసింది ఎలా మరిచిపోతాను? దాన్ని తుడవకుండా తెచ్చి అద్దాల బీరువాలో పెట్టాను.

కొనల మీద పచ్చటి బూడిద గుప్పెడు పోసినట్టుంది. కడిగాను. లోపల పలకలు ఎండి పైకి తేలి ఉన్నాయి. బ్యాటరీల షాపాయన చూసి "ఇది బతకడం అనుమానమే" అన్నాడు. బతికింది. తెచ్చి బిగించాను. ఎర్రది ముందు.

ఇప్పుడు నొక్కితే స్టార్టరు గిర్రున తిరుగుతోంది. ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు. తిరుగుతూ తిరుగుతూ నీరసపడుతోంది. ఆపేశాను.

వెనక వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన చప్పుడు విని షెడ్డు దాకా వచ్చాడు. బండి చుట్టూ తిరిగి "చాలా బాగుందండీ, ఇంత శ్రద్ధగా పెట్టుకున్న బండి చూడలేదు" అన్నాడు. మళ్లీ వస్తానన్నాడు.

దుకాణంలో నిన్న ఒక పెద్దాయన కొత్త జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుని "ఇంత ముసలాణ్ణయ్యానా" అని జోడు తిరిగిచ్చేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను.

చెల్లి


జూన్ 25

చిన్నీ,

గడియారాలాయన మంచివాడే. తెలుసు నాకు. మెత్తటి చెయ్యి. మాట తొందరపడి ఇవ్వకు. బండి నడిచేదాకా ఆగు. నడిస్తే ఆయనే నీ వెనకపడతాడు.

స్టార్టరు తిరిగి ఇంజిన్ అందుకోలేదంటే పెట్రోలు చచ్చింది. ఇన్ని నెలలు నిలవున్న పెట్రోలు పెట్రోలు కాదు, వార్నిషు. ట్యాంకు ఖాళీ చెయ్యి. కార్బురేటర్ అడుగున చిన్న మర ఉంటుంది. అది వదులు చేస్తే గిన్నెలో ఉన్నదంతా కారుతుంది. కింద డబ్బా పెట్టు. చుట్టుపక్కల పొయ్యి, దీపం ఏదీ ఉండకూడదు. కొత్త పెట్రోలు పొయ్యి. ప్లగ్గు విప్పి చూడు. తడిగా ఉంటే తుడిచి ఆరబెట్టు, నల్లగా ఉంటే మార్చు. చోకు పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా నొక్కు. కాసేపు తిప్పు, కాసేపు ఆపు. అలా అయితే స్టార్టరు కాలిపోదు.

హెడ్మాస్టరు కొత్త ఆట పెట్టింది. గుడ్డసంచిలో వస్తువులు వేసి, చూడకుండా కుడిచేత్తో తడిమి ఏమిటో చెప్పమంటుంది. రాసి చూపించాలి. నేను "నిమ్మకాయ" అని రాశాను. తీస్తే నట్టు. పెద్ద నట్టు. చిన్నప్పటి నుంచీ చీకట్లో కూడా నట్టు సైజు వేలితో చెప్పేవాణ్ణి. బాధేసి ఉంటుందనుకుంటావేమో. ఏమీ వెయ్యలేదు. సంచి ఇచ్చేసి వెళ్లి పడుకున్నాను.

అన్నయ్య


జూలై 4

అన్నయ్యా,

స్టార్టయింది.

ముందు రెండుసార్లు దగ్గింది. తర్వాత షెడ్డంతా తెల్లటి పొగ. ఆ పొగలోంచి ఆ చప్పుడు. పక్కింటావిడ పరుగున వచ్చి "మేస్త్రిగారు వచ్చేశారా?" అంది. లేదని తల ఊపాను. సంతోషం కలగాలి కదా అనుకుంటూ నిలబడ్డాను. ఎంతసేపు నిలబడినా కలగలేదు. ఆపేసి చేతులు కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున మళ్లీ "టక్". బ్యాటరీ మళ్లీ చచ్చింది. గడియారాలాయన తన మీటరు తెచ్చాడు. ఛార్జింగు చేయించి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కొనలకి పెట్టి చూశాం. పన్నెండు చూపించింది. యాక్సిలరేటర్ తిప్పినా సూది కదల్లేదు. అలా ఉండకూడదని ఆయన అన్నాడు. ఎలా ఉండాలో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

ఆయన రోజూ సాయంత్రం వస్తున్నాడు. నాతో బండి బయటికి తీయించి, మైదానం దాకా తోయించి, అక్కడ ఓపిగ్గా అన్నీ చూపిస్తాడు. చీకటిపడ్డాక వెళ్తాడు.

చెల్లి


జూలై 11

చిన్నీ,

కొనేవాడు రోజూ రాడు. ఒకసారి వస్తాడు, వంకలు పెడతాడు, బేరమాడతాడు, పోతాడు. రోజూ వచ్చేవాడు బండి కోసం రాడు. నీ వయసు నీకు తెలుసు, నీ మనసు నీకు తెలుసు. మీ వదిన పోయాక నన్ను కనిపెట్టుకునే ఉండిపోయావు, అది నాకు తెలుసు. నేను అడ్డు చెప్పను. బండి వంక పెట్టుకోనక్కర్లేదని మాత్రం ఆయనతో చెప్పు.

ఇక మీటరు సంగతి. ఇంజిన్ వేగం పెంచితే పద్నాలుగు దాకా ఎక్కాలి. ఎక్కలేదంటే బండి బ్యాటరీని తినడమే గానీ పెట్టడం లేదు. పక్క మూత వెనక చేపముళ్లలాంటి రెక్కలున్న వెండిరంగు డబ్బా ఒకటి ఉంటుంది. రెగ్యులేటర్ అంటారు. దాన్నుంచి వచ్చే తీగల్ని కలిపే తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్ చూడు. గోధుమరంగులో కాలి ఉంటే తప్పు అక్కడే. కత్తిరించి, రాగి మెరిసేదాకా గీకి, కొత్తది వేయించు. తీగల్ని ఊరికే మెలిపెట్టి టేపు చుట్టొద్దు.

మొన్న బకెట్లో నీళ్లు కాగుతున్నాయని తెలియక కుడిచెయ్యి పెట్టి, అలాగే ఉంచి, కిటికీలోంచి చూస్తున్నాను. ఆయా అరిచింది. అరుపు ఎవరి కోసమో అర్థం కాలేదు. బొబ్బలెక్కాయి. కట్టు కట్టారు. కట్టు చాలా బాగుంది.

అన్నయ్య


జూలై 20

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గడియారాలాయనకి చూపిద్దామా అనుకుని, ఆయన గుండె ఆగుతుందేమోనని మానేశాను. పెళ్లి సంగతి సరే, ఆయన నా కంటే నీ బండికే ఎక్కువ భయపడతాడు. "కొనేవాడు" ఏమిటి? ఎవరు కొంటారు, ఏం కొంటారు? మందుల మత్తులో రాశావనుకుని వదిలేస్తున్నాను.

చెయ్యి కాల్చుకున్నావా? అంత తాపీగా ఎలా రాశావు? ఆయాకి దండం పెట్టానని చెప్పు.

కనెక్టర్ నువ్వు చెప్పినట్టే కాలి ఉంది. బెల్లంరంగు. వేయించాను. సూది పద్నాలుగు దాటి ఎక్కింది. రోజూ ఒక్క నొక్కుకి స్టార్టవుతోంది.

ఇప్పుడు ఇంకో బాధ. కాసేపు నడిచాక వేడి చూపించే సూది ఎర్రగీత మీదికి పోతోంది. ఊళ్లో పర్వాలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు అయితే చూస్తుండగానే అక్కడికి చేరిపోతోంది. ఒకసారి ఆవిరి కూడా వచ్చింది.

నువ్వు త్వరగా రాయి. తొందర ఉంది.

చెల్లి


జూలై 26

చిన్నీ,

ఎత్తు ఎక్కడిది? మన వీధులన్నీ చపాతీ పీటలా ఉంటాయి. ఎవరు నడుపుతున్నారు? గడియారాలాయన కొండదారి ఎక్కిస్తున్నాడా? కొనకముందే బండిని అలా తోలితే నేనొప్పుకోను.

సరే, చూడు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ నీళ్ల మూత తియ్యి. చల్లారాక. వేడిమీద తీస్తే మొహం మీదికి చిమ్ముతుంది. రాసిపెట్టుకో. నీళ్లు తగ్గి ఉంటే కూలెంట్ పొయ్యి. రేడియేటర్ రెక్కల్లో మట్టి, పురుగులు ఉంటే వెనక నుంచి మెల్లగా నీళ్లు కొట్టు. సూది ఎర్రగీత దగ్గరికి వచ్చినప్పుడు ఫ్యాను తిరుగుతోందా లేదా చూడు.

చివరిది ముఖ్యం. బండి వేడెక్కాక రెండు గొట్టాలు తాకి చూడాలి. ఒకటి పైన, ఇంజిన్లోంచి వేడినీళ్లు వచ్చేది. ఇంకోటి కింద, రేడియేటర్లోంచి నీళ్లు మళ్లీ ఇంజిన్లోకి పోయేది. ఫ్యానుకి దూరంగా, వేలి కొసతో తాకి తీసెయ్యి. పైది ఎలా ఉంది, కిందిది ఎలా ఉంది, నాకు రాయి. వేడిగానా, గోరువెచ్చగానా, చల్లగానా. ఈ పనికి మీటరు లేదు. చెయ్యే మీటరు.

అన్నయ్య


ఆగస్టు 2

అన్నయ్యా,

దుకాణంలో పని ఎక్కువగా ఉంది. తొందరలో రాస్తున్నాను.

నీళ్లు తగ్గాయి. ఫ్యాను తిరగట్లేదు. రేడియేటర్ శుభ్రంగానే ఉంది. గొట్టాలు ఇంకా చూడలేదు. మిగతావి తర్వాత.

నేను బాగానే ఉన్నాను.

చెల్లి


ఆగస్టు 7

చిన్నీ,

నీ "ళ" నా "ళ" లాగే ఉంది.

ఎడమచేత్తో రాసిన అక్షరం ఎలా ఉంటుందో ఇంకెవరికైనా తెలియకపోవచ్చు. గీత వెనక్కి వాలుతుంది. ముగింపు దగ్గర వణుకుతుంది. నేను రోజూ చూస్తున్నాను. పని ఎక్కువై ఎవరూ ఎడమచేత్తో రాయరు.

మూత తీశావు. వేడిమీద తీశావు. కుడిచెయ్యి. ఎంతవరకు? మణికట్టా, మోచేయా? కంటికేమీ కాలేదుగా?

ఇది తెలియగానే నాకేదో అవ్వాలి. మంచం మీద కూర్చుని చూశాను. ఏమీ అవ్వలేదు. నీ ఉత్తరం మడిచి దిండు కింద పెట్టాను, అన్నం తిన్నాను. ఇలాంటి అన్నని ఏం చేసుకుంటావు?

ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. నాకు మరుగుతున్న నీళ్లు తెలియలేదు. నీకు తెలిసి ఉంటాయి. ఎలా ఉంటుందో రాయి. మంట ఎలా ఉండేదో నేను మరిచిపోయాను.

అన్నయ్య


ఆగస్టు 19

అన్నయ్యా,

కట్టు విప్పారు. మణికట్టు నుంచి మోచేతి దాకా. కంటికేమీ కాలేదు, కళ్లజోడు కాపాడింది. మా దుకాణంలోదే.

నడిపింది గడియారాలాయన కాదు. నేను. ఆయన నాకు నడపడం నేర్పాడు. ఇన్నాళ్లూ సాయంత్రాలు మైదానంలో జరిగింది అదే. నేను పడ్డప్పుడల్లా ఆయన కళ్లు మూసుకునేవాడు. ఆ ఎత్తు నీ దగ్గరికి వచ్చే కొండదారి. బస్సులు ఆ దారిలో రావు, చుట్టూ తిరిగి వస్తాయి. బండి మీదైతే నువ్వు తిని పడుకునేలోపే వచ్చి చూసి పోవచ్చు. నీకు చెప్పకుండా వచ్చి కింద హారన్ కొడదామనుకున్నాను. సగం కొండ ఎక్కేసరికి సూది ఎర్రగీత దాటింది. ఆపాను. నీ ఉత్తరం జేబులోనే ఉంది. "చల్లారాక" అని నువ్వు రాసిన మాట చదివాను కూడా. ఎంతసేపు ఆగినా చల్లారలేదనిపించింది. చివరికి చల్లారిందిలే అనుకున్నాను. మూత తిప్పాను.

ఎలా ఉందో అడిగావు. చెప్తాను. ముందు చల్లగా అనిపించింది. నిజంగా. మంచు పోసినట్టు. ఆ తర్వాత చెయ్యి నాదైంది. ఇన్ని నెలలుగా నా ఒంట్లో ఎవరో అద్దెకున్నట్టుండేది. వాళ్లు చెప్పాపెట్టకుండా ఖాళీ చేసి పోయారు, ఇల్లంతా నామీద పడింది. రోడ్డు పక్కన కూర్చుని గట్టిగా ఏడ్చాను. ఒకాయన లారీ ఆపి, తన నీళ్లడబ్బా మొత్తం చేతి మీద పోసి, బండిని, నన్ను ఇంటికి చేర్చాడు. మర్నాటి నుంచి మళ్లీ మామూలే. అద్దెకున్నవాళ్లు తిరిగొచ్చారు. కానీ కొన్ని సామాన్లు వదిలేసి పోయినట్టున్నారు.

చెయ్యి కాస్త మానాక గొట్టాలు చూశాను. ఎడమచేత్తో. పైది ముట్టుకోనివ్వదు, అంత వేడి. కింది గొట్టం చల్లగా ఉంది. కుండలో నీళ్లలాగా.

చెల్లి


ఆగస్టు 25

చిన్నీ,

పైది వేడి, కిందిది చల్లన. అంటే నీళ్లు తిరగట్లేదు. ఫ్యాను పాపం మంచిదే. వేడి రేడియేటర్ దాకా వస్తే కదా దానికి తెలిసేది. మధ్యలో తలుపు మూసుకుపోయింది. ఆ తలుపు పేరు థర్మోస్టాట్. పైగొట్టం చివర డబ్బాలో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండాలి, వేడెక్కితే దానంతటదే తెరుచుకోవాలి. తీసి, గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి మరిగించు. నీళ్లు తెర్లుతున్నా నోరు తెరవకపోతే అది చచ్చినట్టే. కొత్తది వెయ్యి. కూలెంట్ నింపేటప్పుడు గొట్టాలు మెల్లగా పిసుకు, లోపలి గాలి బుడగలు పైకి వచ్చేస్తాయి. గాలి ఉంటే మళ్లీ ఇదే కథ.

బాగుచేశాక అమ్మెయ్యి. ఇదే కదా నేను మొదట్నుంచీ చెప్తున్నది. పలక మీద రాసింది అదే. నిన్ను దాని మీద ఎక్కమని కాదు నేను ఇవన్నీ చెప్పింది. స్టార్టవ్వని బండి ఇనుపసామాన్లకే పోతుందని, మంచి చేతుల్లోకి పోవాలని చెప్పాను.

ఆ బండి మీద ఇక్కడికి రాకు. చెయ్యి కాలిందని కాదు. నిన్ను చూస్తాను, ఏమీ అనిపించదు, పర్వాలేదు, మనుషులు సర్దుకుంటారు. దాన్ని తుక్కులోంచి తెచ్చి ఒక్కొక్క మరా నేనే బిగించాను. దాన్ని చూసినా ఏమీ అనిపించకపోతే, ఇక నాలో ఏమీ మిగల్లేదని తేలిపోతుంది. అది తెలుసుకోవాలని లేదు.

అన్నయ్య


సెప్టెంబరు 14

అన్నయ్యా,

మన ఉత్తరాల్లో బండి సంగతి రావడం బహుశా ఇదే చివరిసారి.

ముందు పలక. నువ్వు దాని మీద రాసింది "అమ్మ" అని. అంతవరకే. ఆ తర్వాత బలపం జారిపోయింది. నీ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నీకు అమ్మ గుర్తొచ్చిందనుకున్నాను. నాకూ అప్పుడు అమ్మే గుర్తొచ్చింది. అందుకే ఆ పలక దాచుకున్నాను. "అమ్మెయ్" అని రాయబోయావని నాకెలా తెలుస్తుంది? నువ్వు ఇంత శ్రద్ధగా ఒక్కొక్క మరా విప్పించి నేర్పుతుంటే, తిరిగొచ్చి నువ్వే నడుపుతావని, అందుకు సిద్ధం చేయిస్తున్నావని అనుకున్నాను. నన్ను మూర్ఖురాలనుకో.

థర్మోస్టాట్ గిన్నెలో మరిగించాను. నోరు తెరవలేదు. కొత్తది వేశాను. గొట్టాలు పిసికాను, బుడగలు వచ్చాయి. కింది గొట్టం వేడెక్కింది. ఫ్యాను దానంతటదే తిరిగింది. సూది సగం దగ్గర ఆగిపోయింది.

రావద్దన్నావు. వచ్చాను. కొండ మొత్తం ఎక్కాను, ఆవిరి లేదు. కింద వరండాలో కూర్చున్నాను. పైన ఏవో అరుపులు, ఎవరో రోగి గోల చేస్తున్నట్టు. ఆయా ఒకసారి వచ్చి "ఇప్పుడు వీలుపడదమ్మా" అని వెళ్లిపోయింది. చూడనిచ్చే వేళ అయిపోయేదాకా ఉన్నాను. తలెత్తి చూస్తే నీ కిటికీ మూసేసి ఉంది. అర్థమైంది. నేను నిందించట్లేదు. నిజానికి నాకూ పెద్దగా ఏమీ అనిపించలేదు. దారిలో ఒకచోట ఆగి, కాసేపు కూర్చుని, ఇంటికి వచ్చాను.

నీ మాట ప్రకారమే చేస్తాను. గడియారాలాయన మేనల్లుడు బండి కోసం చూస్తున్నాడట. నెమ్మదస్తుడు. వచ్చే ఆదివారం వస్తానన్నాడు.

చెల్లి


సెప్టెంబరు 17

చిన్నీ,

ఇది ఆయా తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను, ఆదివారం లోపల నీకు అందాలి. ఆ మేనల్లుణ్ణి రావద్దను. గుమ్మంలోంచే పంపించెయ్యి.

ఆ రోజు ఏం జరిగిందో విను. నేను హెడ్మాస్టరు ముందు కూర్చుని సంచిలో చెయ్యి పెట్టి ఉన్నాను. కొండ కింద నుంచి చప్పుడు వినపడింది. ఎవరిదో చెప్పనక్కర్లేదు, నేను కట్టిన ఇంజిన్ అది. నిమ్మళంగా వస్తోంది. బాగుంది అనుకున్నాను, అంతే, ఇంకేమీ లేదు. తర్వాత నువ్వు ఆ పెద్దమలుపుకి వచ్చావు. మూడో గేర్లో. ఆ మలుపు, ఆ ఎత్తు, మూడో గేర్లో! ఇంజిన్ ఆపసోపాలు పడుతోంది, గొలుసు పటపటమంటోంది, నువ్వు యాక్సిలరేటర్ ఇంకా తిప్పుతున్నావు. ఎవరైనా అలా ఎక్కిస్తారా? గాడిదకి కూడా జాలేస్తుందే!

నాకు ఒళ్లు మండింది చిన్నీ. అరికాలి నుంచి మండింది. సంచి విసిరేశాను. లేచి నిలబడ్డాను, పట్టుకునే వాళ్లెవరూ లేకుండా. కిటికీ దగ్గరికి పోయి "గేరు తగ్గించు!" అని అరిచాను. అరిచింది నేనే. మాట ముద్దకట్టలేదు. గదిలో అందరూ నోరు తెరిచి చూస్తున్నారు. నువ్వు తగ్గించలేదు. మళ్లీ అరిచాను. హెడ్మాస్టరు భయపడి డాక్టర్ని పిలిచింది, ఇద్దరు వచ్చి నన్ను మంచం మీద పడేసి, కిటికీ మూసేసి, రక్తపోటు చూసి, ఏదో సూదిమందు పొడిచారు. నువ్వు కింద విన్న గోల నాదే. రానన్నది కాదు, రానివ్వలేదు. లేచేసరికి నువ్వు వెళ్లిపోయావు. ఆయాని అడగబోతే మళ్లీ మాట ముద్దే అయింది.

చెయ్యి అలాగే ఉంది. నిన్న కూడా నట్టుని నిమ్మకాయ అన్నాను. పెద్ద మార్పేమీ రాలేదు, ఆశపడకు. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. రాత్రి తలుచుకున్నా మండుతోంది.

బండి అమ్మేది లేదు. ఆదివారం నువ్వే రా. చూడనిచ్చే వేళకి ముందే నన్ను కింద వరండాలో కూర్చోబెడతామని హెడ్మాస్టరు ఒప్పుకుంది. ఆ గొలుసు వదులుగా ఉంది, చప్పుడులోనే తెలిసింది. పానాలు తెచ్చుకో, నేను చూపిస్తాను, నువ్వు బిగిద్దువుగాని.

పెద్దమలుపుకి ముందే రెండో గేరు వెయ్యి. నేను వింటూ ఉంటాను.

అన్నయ్య